గాట్ల పెన్నీలు

మా అత్తగారు ఎఫీ మకాస్కిల్ మహా దైవభక్తురాలని మా రేవులో అందరూ అనేవారు. అన్నవాళ్ళలో ఒక్కరైనా ఆవిడతో ఒకే వంటింట్లో కాపురం చేసినవాళ్ళు కారు. నేను చేశాను. టీ ఆకు ఒక్కసారి కాచి పారేస్తే ఆవిడకి గుండెదడ వచ్చేది. దాన్ని కిటికీలో ఆరబెట్టి, మళ్ళీ కాచి, ఆ రెండో కాపు పాస్టరుగారి కప్పులో పోసి, “మీకు కడుపులో మంటగా ఉంటోందని విన్నాను, అందుకే పల్చగా పెట్టించాను” అనేది. ఆయన ఆవిడ దయకి కరిగిపోయేవారు. సబ్బు తీసుకోబోతే, ముందు చేతులకి మురికి ఉందో లేదో చూపించమనేది. ప్రసంగం పొడుగైతే కొవ్వొత్తులు దండగనీ, పొట్టిదైతే చందా దండగనీ సణిగేది.

పెళ్ళైన కొత్తలో ఈ గోడు మా ఆయన గిల్బర్ట్‌ దగ్గర వెళ్ళబోసుకుంటే, “అమ్మ కష్టాలు చూసిన మనిషి, గ్రిజెల్” అనేవారు. చూసింది నిజమే. వాటిని దాచిపెట్టి ఇప్పుడు మాకు తలా కాస్తా వడ్డిస్తోందని ఆయనకి తోచేది కాదు.

ఇంతవరకూ నవ్వుకోవడానికే చెప్పాను. ఆవిడ పొదుపుబుద్ధి చేసిన అసలు పని నవ్వుకునేది కాదు. దాని పాపం నా తమ్ముడు హ్యూ నెత్తిన పడింది.

హ్యూ నాకంటే బాగా చిన్నవాడు. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేనే. స్కాట్లండ్ నుంచి ఓడలో వస్తున్నప్పుడు సముద్రం పడక నేను పడుకుంటే, తలదగ్గర కూర్చుని కీర్తనలు పాడేవాడు. ఈ దక్షిణాన దిగాక రంపపు గోతిలో దుంగలు కోసి, ఆ సంపాదనంతా తెచ్చి మా ఆయన చేతిలో పోశాడు. అలా మా కొట్టు ‘మకాస్కిల్ అండ్ లమాంట్’ అయింది. చర్చిలో కూడా పాట ఎత్తుకునేది వాడే. మా చర్చిలో వాయిద్యాలు వాయించడం పాపం. ముందు ఒక్కడు లేచి గొంతెత్తాలి, వెనక అందరూ అందుకోవాలి. వాడు ఎత్తుకుంటే మా ఆయనలాంటి గాడిద గొంతులు కూడా దారిలో పడేవి.

బావా బావమరదులిద్దరూ పొద్దస్తమానం ఒకళ్ళనొకళ్ళు ఆడిపోసుకుంటూ కొట్టు నడిపేవారు.

“ఒరేయ్, ఆ పిండి బస్తా ఎత్తరా. పాట ఎత్తుకున్నంత సులువు కాదు.”

“నువ్వు పాట ఎత్తుకో బావా, బస్తా తనే లేచి పారిపోతుంది.”

అన్నీ ఉన్న ఆ కొట్లో లేనిది చిల్లర ఒక్కటే. మా దగ్గరే కాదు, ఈ తీరంలో ఎక్కడా రాగి పెన్నీ కంటికి కనిపించేది కాదు. రాణిగారు మమ్మల్ని భూమికి అడుగున దింపి, చిల్లర పంపడం మరిచిపోయింది. పన్నెండు పెన్నీల షిల్లింగు ఇచ్చి నాలుగు పెన్నీల సరుకు కొంటే, మిగతాదానికి ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపేవాళ్ళం.

ఒకరోజు లోయలోంచి వెన్న తెచ్చే గెడీస్ పిన్ని గల్లా మీద చరిచింది. “చిల్లర లేదని మొన్న మేకులిచ్చావు. దానికి ముందు అగ్గిపుల్లలిచ్చావు. ఇల్లు కట్టడానికీ, కట్టినదాన్ని తగలబెట్టడానికీ సరంజామా అంతా నా దగ్గరే ఉంది. ఇక పెన్నీలివ్వు షావుకారూ!”

“పెన్నీలు నేనెక్కడ తెచ్చేది పిన్నీ?” అన్నారు మా ఆయన.

“డనీడన్‌లో కొట్లవాళ్ళు సొంతంగా కొట్టించుకుంటున్నారట. నీకేం తక్కువ? పేరుంది, పొట్ట కూడా వస్తోంది.”

పొట్ట మాట ఎలా ఉన్నా, పేరు మాట ఆయన మనసులో నాటుకుంది. ఆ వారమే హ్యూ డనీడన్ పట్నం వెళ్ళి, బర్మింగ్‌హామ్‌ టంకశాల తరఫు ఏజెంటుని కలిసి బేరం కుదుర్చుకొచ్చాడు. ఒకవైపు చుట్టూ ఇద్దరి పేర్లు, మధ్యలో ‘కిరాణా, బట్టలు, ఇనుప సామాను’. రెండోవైపు బొమ్మ. మా రేవూ, కొండా వేయించాలని హ్యూకి ఆశ. కొత్త బొమ్మ చెక్కితే వేరే డబ్బు అన్నారు. వాళ్ళ దగ్గర అప్పటికే ఉన్న బొమ్మ, చేత్తో త్రాసు పట్టుకుని నిలబడ్డ ఆడమనిషి, ఊరికే వేస్తామన్నారు. ఊరికే అన్న మాట వినగానే మా అత్తగారు ఒప్పేసుకుంది.

“ఎవరత్తయ్యా ఆవిడ?” అన్నాను నమూనా చూసి.

“ఎవరైతేనేం, ఊరికే వస్తోంది. కొంచెం నిండుగా కట్టుకుంటే బాగుండేది.”

ఈ పెన్నీలకి ఒక్కటే పరీక్ష. రాణిగారి పాత పెన్నీల్లాగే రెండు డజన్లు కలిపి పౌను తూగాలి. అంతకు తగ్గితే పల్చటి పెన్నీ అని ఊళ్ళో నవ్వుతారు, ఎవరూ ముట్టరు. సరిగ్గా తూగితే కొట్టు పరువు జనం జేబుల్లో తిరుగుతుంది. బేరం కుదిర్చిందీ, డబ్బు కట్టిందీ హ్యూ కాబట్టి తూకానికి పూచీ వాడిది.

పీపాలు వచ్చేసరికి దాదాపు ఏడాది పట్టింది. ఆవేళ ఓడ వచ్చిందని కొట్టు నిండా జనం. గల్లా మీది ఇత్తడి తూకపు గుండ్లకి ఒక్క క్షణం తీరికలేదు. అందుకని పీపాలని పెరటి వరండాలోకి దొర్లించారు. అక్కడ మా అత్తగారి వెన్న తక్కెడ దూలానికి వేలాడుతూ ఉంటుంది. లోయ ఆడవాళ్ళ దగ్గర శనివారం శనివారం వెన్న కొనేది ఆవిడే. ఆ వ్యాపారంలోకి ఆవిడ ఎవరినీ రానిచ్చేది కాదు. కానీ ఆవేళ గెడీస్ పిన్ని కూతురికి నొప్పులొస్తున్నాయని మా అత్తగారు పొద్దున్నే లోయకి వెళ్ళింది.

మూత తెరవగానే కొత్త రాగి, పొద్దుగూకే రంగులో. హ్యూ దోసిలితో తీసి నా ఒళ్ళో పోశాడు. “చూడక్కా, మన నాన్న పేరు. రాగి మీద!”

మా ఆయన నవ్వుతూనే అత్తగారి పౌను గుండు ఒక పళ్ళెంలో పెట్టి, రెండో పళ్ళెంలో రెండు డజన్ల పెన్నీలు వేశారు. గుండు కదల్లేదు. ఇంకొకటి వేశారు. కదల్లేదు. ఇంకొకటి. అప్పుడు మెల్లగా లేచింది. మరో పీపాలోంచి తీసి వేశారు. అదే వరస.

నవ్వు ఆగిపోయింది.

“ఏ బరువుకి చెప్పావు హ్యూ?”

“చెప్పాల్సిన బరువుకే.”

“మరి ఇదేంటి?”

“అక్కడ టంకశాలలో ఏదైనా...”

“టంకశాలవాడు మనలాంటి వందమందికి కొడతాడు. అందరికీ సరిగ్గా తూగి మనకే తగ్గాయా? మిగిల్చిన రాగి డబ్బు ఎవరి జేబులోకి పోయింది?”

ఆ మాటలకి, మేకులు కొనడానికొచ్చిన ఇద్దరు తలుపులోంచి తొంగిచూశారు. నా ఒళ్ళో పెన్నీలు అలాగే ఉన్నాయి. లేవాలంటే అవి కింద పోయాలి. ఏం చెయ్యాలో తోచక కూర్చుండిపోయాను.

“వేరే చోట తూయించు బావా,” అన్నాడు హ్యూ. గొంతు మామూలుగానే ఉంది.

“ఊరంతా చూసి నవ్వేలాగా?”

“అయితే నా మాట నమ్ము.”

మా ఆయన తక్కెడ వైపు చూశారు. వాడి వైపు చూడలేదు. హ్యూ నడుముకి కట్టుకున్న ముందరి గుడ్డ విప్పి, మడిచి, పీపా మూత మీద పెట్టి పెరటి గుమ్మంలోంచి వెళ్ళిపోయాడు. తన వాటా కూడా అడగలేదు. అడిగితే దెబ్బలాడుకునేవారు. దెబ్బలాడుకుంటే ఏదో ఒక పూట భోజనం దగ్గర కలిసేవారేమో. మా తమ్ముడికి దెబ్బలాడటం రాదు. అది నేను నేర్పాల్సింది.

ఆ ఆదివారం చర్చిలో పెద్దలు హ్యూని పక్కకి పిలిచి, విషయం తేలేదాకా పాట ఎత్తుకోవద్దన్నారు. అది తేల్చే పని మాత్రం ఎవరూ నెత్తిన వేసుకోలేదు. వాడి చోట చెప్పుల దుకాణం ముసలాయన లేచాడు. దేవుడి సహనానికి హద్దులేదని నాకు ఆయన పాట విన్నాకే నమ్మకం కుదిరింది.

పెన్నీలని పారేయడానికి మా ఇంట్లో ఎవరికీ ప్రాణం ఒప్పదు. అలాగని హ్యూ పేరుతో బయటికి పంపడానికి మా ఆయనకి మనసొప్పలేదు. ఉలీ సుత్తీ తీసుకుని వరండాలో కూర్చుని, ఒక్కొక్క పెన్నీ మీద ‘లమాంట్’ అన్నచోట అడ్డంగా గాటు పెట్టడం మొదలుపెట్టారు. ఆ చప్పుడు వంటింట్లోకి వినిపించేది. రొట్టె పిండి పిసుకుతుంటే దెబ్బదెబ్బకీ నా చెయ్యి ఆగేది.

“చెవులు చిల్లులు పడుతున్నాయి. మా పుట్టింటి పేరు చెరపడానికి ఇంకెన్నాళ్ళండీ?”

“నువ్వు లోపలుండు గ్రిజెల్.”

“లోపలే ఉన్నాను. పేరే బయట ఉంది.”

చెరిపినందువల్ల జరిగిందేమంటే, అప్పటిదాకా పెన్నీ మీద పేరు చదవని జనం కూడా గాటు కింద ఏముందోనని వెలుతురులో పెట్టి చదివారు. చదవడం రానివాళ్ళు చదివించుకున్నారు. ‘గాటు పెన్నీ’ అని దానికి పేరు పడింది. కొత్తగా ఓడ దిగినవాళ్ళు అదేమిటని అడిగితే, “అది షావుకారి బావమరిది” అని చెప్పేవారు. కాస్త పల్చగా ఉందంటారు గానీ ఏ పెన్నీ లేనిచోట అదే దిక్కని తీసుకునేవారు.

హ్యూ ఊరు వదల్లేదు. ఒక పాత ఎడ్లబండి కొనుక్కుని లోయకీ రేవుకీ మధ్య ఉన్నీ బేళ్ళు, బస్తాలు తోలేవాడు. శనివారాలు వెన్నతో పాటు ఆడవాళ్ళని కూడా ఎక్కించుకొచ్చి మా పెరటి కంచె బయట దింపేవాడు. గేటు దాటి లోపలికి మాత్రం వచ్చేవాడు కాదు. నేను ఓట్స్ రొట్టెలు గుడ్డలో కట్టి తీసుకెళ్ళి ఇచ్చేదాన్ని.

“లోపలికి రారా.”

“ఎడ్లు బెదురుతాయక్కా.”

ఆ ఎడ్లు పిడుగు పడినా బెదరని రకం.

బాడుగ ఇచ్చేటప్పుడు ఎవరైనా గాటు పెన్నీ తీస్తే, “ఇది తప్ప ఇంకేదైనా ఇవ్వండి” అనేవాడట. అంతకుమించి ఒక్కమాట అనేవాడు కాదు. వేరే డబ్బు లేకపోతే, “వచ్చేసారి ఇద్దువుగాని” అనేవాడు. లోయలో వాడంటే ఇష్టపడనివాళ్ళు లేరు. బండివాడు తీసుకోనిది మేమెందుకు తీసుకోవాలి అని ఒకళ్ళు మొదలుపెట్టారు. తర్వాత పడవవాడు వద్దన్నాడు. సారా అంగడివాడు వద్దన్నాడు. పాస్టరుగారు చందా పళ్ళెంలో పడ్డ గాటు పెన్నీలన్నీ డబ్బాలో పోసుకొచ్చి, “దేవుడి దగ్గర కూడా చెల్లడం లేదు గిల్బర్ట్” అని గల్లా మీద పెట్టి వెళ్ళారు. ఎవరి నాణెం వాళ్ళ కొట్లో తప్పక తీసుకోవాలి, అది మర్యాద. అలా మూడేళ్ళలో బయటికి వెళ్ళిన పెన్నీలన్నీ గాట్లతో సహా మా ఇంటికే తిరిగొచ్చాయి.

“పల్చటి సరుకు. ఇంకేమవుతుంది!” అన్నారు మా ఆయన. చివరికి వాటిని రాగి ధరకి అమ్మేద్దామని గోనెసంచుల్లో పోసుకుని డనీడన్ బయల్దేరారు. నాకు కొత్త దుప్పట్లు కావాలని వంక పెట్టి నేనూ పడవెక్కాను.

అక్కడ కంచరి కొట్లో తూకం వేశారు. కంచరి తన పౌను గుండు ఒకవైపు పెట్టి, రెండోవైపు రెండు డజన్లు పోశాడు. పళ్ళేలు రెండూ ఊగి ఊగి, దాదాపు సమానంగా నిలబడ్డాయి. వెంట్రుకవాసి తేడా.

“ఆ గాట్లు పెట్టకుండా ఉంటే సరిగ్గా తూగేవి. ఉలి దెబ్బకి ఇంత రాగి రాలిపోయిందిగా,” అన్నాడతను. “మంచి సరుకు. ఎవడో బుద్ధిలేనివాడు పాడుచేశాడు. ఎంతకిస్తారు?”

మా ఆయన గోనెసంచి మూతి ముడివేశారు. అమ్మలేదు. దుప్పట్ల మాట నేనూ ఎత్తలేదు.

తిరుగు పడవలో ఆ గోనెసంచుల మీదే కూర్చున్నారు. ఉన్నట్టుండి, “ఆ కంచరివాడి గుండు తేలికదై ఉంటుంది” అన్నారు.

“దాని మీద ప్రావిన్స్ సర్కారు ముద్ర ఉంది కదండీ.”

“ముద్రలు దొంగవి కూడా ఉంటాయి.”

“అయితే అతన్ని కూడా కొట్లోంచి వెళ్ళగొడదామా?”

ఆయన మొహం అవతలికి తిప్పేసుకున్నారు. చలిగాలికి చెవులు ఎర్రబడి ఉన్నాయి. నిజంగా గాలికేనో కాదో నేను అడగలేదు.

ఇంటికి రాగానే, టోపీ అయినా తీయకుండా, గల్లా మీది ఇత్తడి పౌను గుండు పట్టుకుని వరండాలోకి వెళ్ళారు. వెన్న తక్కెడలో ఒకవైపు దాన్నీ, ఇంకోవైపు అత్తగారి ఇనుప గుండునీ పెట్టారు. ఇనుపది దబ్బున కిందికి దిగింది. తిరగేసి చూశారు. అడుగున గుంటలో సీసం పోసి ఉంది, నిండుగా, నున్నగా.

వెనకాల తడి గుడ్డ పట్టుకుని మా అత్తగారు నిలబడి ఉంది. మేం చూసినదాన్ని ఆవిడా చూసింది.

“అది వెన్న కోసం పోయించాను,” అంది. “మనుషుల కోసం కాదు.”

“ఎప్పటినుంచమ్మా?”

“మీ నాన్న పోయిన ఏడు. వాళ్ళు వెన్నలో నీళ్ళు వదిలేస్తారు. ఉప్పు దట్టిస్తారు. నీళ్ళకి డబ్బెవడిస్తాడు? నీళ్ళ బరువు నీళ్ళకి తీసేశాను, అంతే.”

“మేం దీంతోనే పెన్నీలు తూచామని నీకు తెలుసా?”

ఆవిడ గుడ్డ మడత పెట్టింది. విప్పింది. మళ్ళీ మడత పెట్టింది. నాకప్పుడు గుర్తొచ్చింది. లోయ నుంచి తిరిగొచ్చిన సాయంత్రం ఆ గుండు ఎత్తి పట్టుకుని, “దీంతోనా తూచారు?” అని నన్ను అడిగింది. అవునత్తయ్యా అన్నాను. రాగి కంపు వెన్నకి అంటుతుందని అడిగిందేమో అనుకున్నాను. గుండుని ముందరి గుడ్డతో తుడిచి అలమరలో పెట్టేసింది.

“తెలుసు,” అంది.

“మరి ఒక్కమాట చెప్పలేదే!”

“ఏమని చెప్పనురా? నీ బావమరిది దొంగ కాదు, మీ అమ్మ దొంగ అనా?”

మా ఆయన సీసం గుండుని తీసుకెళ్ళి పెట్టెలో పడేశారు.

శనివారం నుంచి ఇత్తడిదాంతో వెన్న తూచడం మొదలైంది. లోయలో అందరికీ వెన్న ఒక్కసారిగా పెరిగింది! గెడీస్ పిన్ని ఉప్పొంగిపోయింది. “కొత్త గడ్డి వేయించానమ్మా. అబ్బో, మా ఎర్రావు చూడు! పక్కింటివాళ్ళకి చెప్పకు, వాళ్ళూ అదే గడ్డి వేస్తారు.” పక్కింటావిడ రహస్యంగా ఇంకో సంగతి చెప్పింది, రోజూ పాలు పితికే ముందు ఆవుకి కీర్తన వినిపిస్తోందట. మా అత్తగారు తలవంచుకుని తూచేది. ఆవిడ అంత బాధపడటం నేను ముందెన్నడూ చూడలేదు. ఆ బాధ చూసి కొంచెం తృప్తి కూడా కలిగిందని ఒప్పుకుంటాను.

హ్యూ మాత్రం గేటు బయటే ఎడ్ల దగ్గర నిలబడి ఉండేవాడు.

“వెళ్ళి రెండు ముక్కలు చెప్పి రండి,” అనేదాన్ని మా ఆయనతో.

“చెబితే ఎలా తెలిసిందని అడుగుతాడు. అమ్మ పేరు చెప్పాలి. వాడికి చెబితే లోయంతా తెలుస్తుంది. ఈ వయసులో ఆవిడ చర్చికి ఏ మొహంతో వెళ్తుంది?”

“వాడు మూడేళ్ళ నుంచి ఏ మొహంతో వెళ్తున్నాడో ఆ మొహంతోనే.”

“కొన్నాళ్ళు ఆగు గ్రిజెల్.”

ఆగాం. చలి పోయింది, గొర్రెల ఉన్ని కత్తిరింపు మొదలైంది. ఆయన కిటికీలోంచి బండి వైపు చూడటం, గేటు దాకా నడిచి ఏదో మరిచిపోయినట్టు వెనక్కి రావడం రోజూ చూస్తూనే ఉన్నాను. రెండు పేర్లలో ఏది కాపాడాలో తేల్చుకోలేకపోయారు. తేల్చుకోకపోవడం అంటే హ్యూ పేరుని వదిలేయడమేనని ఆయనకీ తెలుసు.

ఒక శనివారం గెడీస్ పిన్ని వెన్న ముద్ద గుడ్డ విప్పుతూ అంది, “వచ్చేవారం నుంచి మేం నడిచి రావాలి తల్లీ. హ్యూ బండి అమ్మేశాడు, ఈ పూటతో ఆఖరు. కొండల్లో బంగారం దొరుకుతోందట కదా, రేపే ప్రయాణం. ఇక్కడ ఉండి ఏం చేస్తాను పిన్నీ, అన్నాడు.”

ఆ కొండల్లోంచి వాడు తిరిగి రాలేదు. తర్వాతి చలికాలం చివర మంచు కరిగి నది పొంగినప్పుడు, దాటబోయి కొట్టుకుపోయాడు. ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను. చివర్లో చెప్పే ధైర్యం నాకు లేదు.

పిన్ని మాట విని నా చేతిలోని రొట్టెల మూట జారింది. మా అత్తగారి చెయ్యి తక్కెడ మీద ఆగింది. వరసలో ఉన్న ఆడవాళ్ళు ఇంకా మాట్లాడుకుంటున్నారు. ఆవిడ లోపలికి వెళ్ళింది. పెట్టె మూత చప్పుడైంది. రెండు చేతులతో సీసం గుండు మోసుకొచ్చి, వెన్నముద్దల మధ్య బల్ల మీద పెట్టింది.

“దీంట్లో సీసం ఉంది,” అంది. “నేనే పోయించాను. ఇన్నేళ్ళూ మీ వెన్న దీంతోనే తూచాను. ప్రతి పౌనుకీ మీ దగ్గర కొంచెం ఎక్కువ లాక్కున్నాను.”

గెడీస్ పిన్ని మొహంలో లెక్కలు కదిలాయి.

“అంటే... మా ఎర్రావు...”

“మీ ఎర్రావు ఎప్పుడూ ఉన్నట్టే ఉంది.”

“కొత్త గడ్డి...”

“ఆపవే గడ్డి గోల! తర్వాత తిట్టుకుందువుగాని, ఇంటికొచ్చి మరీ తిట్టు. నాకు ముందు ఇంకో పని ఉంది.”

పైకోటు కూడా వేసుకోకుండా గేటు వైపు నడిచింది. వెనకాలే నేను, నా వెనక ఆడవాళ్ళంతా. గొడవ విని మా ఆయన కొట్టు వదిలేసి పెరటి గుమ్మంలోకి వచ్చారు.

హ్యూ ఎడ్ల కాడి సర్దుతున్నాడు. ఇంతమందిని చూసి టోపీ తీశాడు.

“నాయనా,” అంది మా అత్తగారు. గేటు కమ్మీ గట్టిగా పట్టుకుంది. “నీ పెన్నీలు సరిగ్గానే ఉన్నాయి. మా గిల్బర్ట్ వాటిని తూచింది నా వెన్న గుండుతో. ఆ గుండు దొంగది. నాకు ఆ రోజే తెలుసు. చెప్పలేదు.”

హ్యూ ఆవిడ వైపు చూశాడు. కోపం వస్తుందేమోనని చూశాను. రాలేదు. బాగా అలిసిపోయినవాడిలా కనిపించాడు, అంతే.

“లోపలికి వెళ్ళండమ్మా, గాలి చల్లగా ఉంది,” అన్నాడు. తర్వాత ఆవిడ భుజం మీదుగా గుమ్మం వైపు చూశాడు. “అయితే తప్పు గుండుదన్నమాట. సంతోషం. ఇనుముకి పరువు పోదు కదా.”

టోపీ పెట్టుకుని, ముల్లుకర్ర అందుకున్నాడు.

ఆడవాళ్ళందరూ తిరిగి మా ఆయన వైపు చూశారు. ఆయనకి చాలా సులువైన దారి ఎదురుగా ఉంది. అవునురా, గుండు మోసం చేసింది అంటే సరిపోయేది. అందరూ తల ఊపేవారు. నేను కూడా ఊపేదాన్నేమో. కంటికి కనిపించే ఇనుప ముద్ద ఒకటి బల్ల మీద ఉంది, నింద మోయడానికి.

మా ఆయన మెట్లు దిగి వచ్చారు. మనుషులు జరిగి దారిచ్చారు. గేటు తీసుకుని బయటికి వెళ్ళారు. ఆ గేటు బయట, ఆ ఎడ్ల పక్కన, మూడేళ్ళలో ఆయన నిలబడటం అదే మొదటిసారి.

“హ్యూ,” అన్నారు. ఎడ్లకి తప్ప ఎవరికీ వినపడలేదు. ఈసారి రేవు దాకా వినపడేలాగా అన్నారు.

“గుండుది కాదురా. తక్కెడ ఏం చెప్పినా, నువ్వు అలాంటి పని చెయ్యవని నాకు తెలియాలి. తెలియలేదు. తప్పు నాది.”